వాచ్‌లో 72 బీపీఎం, 98% ఆక్సిజన్.. ఈ నంబర్ల వెనకాల మీ ఒంట్లో అసలేం జరుగుతోంది?

ఒక చిన్న టెస్ట్. మీ చేతికున్న స్మార్ట్‌వాచ్ తీసి ఒక టిష్యూ రోల్‌కో, అరటిపండుకో టైట్‌గా కట్టి హార్ట్ రేట్ ఆన్ చేయండి. కొన్ని వాచ్‌లు రీడింగ్ రావట్లేదని నిజాయితీగా చెప్పేస్తాయి. కొన్ని మాత్రం కాసేపు తిప్పి తిప్పి, 70 దగ్గరో 80 దగ్గరో సెటిల్ అవుతాయి. ఇలాంటి వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. అవి చూసి "అన్నీ ఫేక్ సెన్సార్లే భయ్యా" అని తేల్చేసే బ్యాచ్ ఒకటి. వాచ్‌లో నంబర్ పచ్చగా ఉంటే ఇక డాక్టర్‌తో పనే లేదనుకునే బ్యాచ్ ఇంకొకటి. నా దృష్టిలో రెండో బ్యాచ్‌కే రిస్క్ ఎక్కువ.

అసలు విషయం ఏంటంటే, మణికట్టు మీద ఉన్న వాచ్‌కి గుండె కనపడదు. దానికి కనపడేది చర్మం నుంచి తిరిగొచ్చే వెలుతురు, అంతే. ఈసీజీ ఫీచర్ ఉంటే కొంచెం వోల్టేజ్ కూడా. మిగతాదంతా లెక్క. ఆ లెక్క ఎక్కడ కరెక్ట్‌గా వస్తుందో, ఎక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుందో తెలియాలంటే స్పెక్ షీట్ సరిపోదు. టెన్త్ బయాలజీ బుక్ ఒకసారి తిరగేయాలి. కంగారు పడకండి, బొమ్మ గీసి భాగాలు గుర్తించమని అడగను.

ఆకుపచ్చ లైట్ ఏం చూస్తోంది?

వాచ్ వెనకాల మిణుకుమనే ఆకుపచ్చ ఎల్ఈడీలు, పక్కనే ఒక ఫోటోడయోడ్. ఈ టెక్నిక్ పేరు ఫోటోప్లెథిస్మోగ్రఫీ, ముద్దుగా పీపీజీ. కొత్తదేం కాదు, 1930ల నుంచే ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద సన్నటి రక్తనాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, తిరిగొచ్చే లైట్ కాస్త తగ్గుతుంది. రక్తం ముందుకు వెళ్లిపోగానే లైట్ మళ్లీ పెరుగుతుంది. ఈ ఎగుడుదిగుళ్లను లెక్కపెడితే హార్ట్ రేట్ వచ్చేస్తుంది.

వినడానికి ఈజీగానే ఉంది కదా. కానీ తిరిగొచ్చే మొత్తం లైట్‌లో గుండె వల్ల మారేది చాలా చిన్న భాగం. మిగతాదంతా చర్మం, కండ, ఎముక, పక్కనుంచి దూరే ఎండ. చేయి ఊపితే వచ్చే నాయిస్ అసలు సిగ్నల్ కన్నా పెద్దగా ఉంటుంది. అందుకే వాచ్‌లో యాక్సిలరోమీటర్ డేటా వాడి ఆ నాయిస్‌ను తీసేస్తారు. అయినా రన్నింగ్‌లో ఒక్కోసారి మీ గుండె 140 కొడుతుంటే వాచ్ 170 చూపిస్తుంది. ఎందుకంటే అది గుండెను వదిలేసి మీ అడుగులను లెక్కపెట్టడం మొదలెట్టింది. అరటిపండు కేసు కూడా దాదాపు ఇదే. వెలుతురు ఏదో తిరిగొస్తోంది, అందులో నాయిస్ ఉంది, ఆ నాయిస్‌లో ఏదో ఒక లయ వెతకడమే అల్గారిథమ్ పని. దొరికిందనుకుని చెప్పేసింది. మంచి కంపెనీలు ముందు సిగ్నల్ క్వాలిటీ చెక్ చేస్తాయి, చవక కంపెనీలు ఆ స్టెప్ ఎగ్గొడతాయి.

ఇంకో ముచ్చట. మణికట్టు దగ్గర మీకు తగిలే ఆ నాడి, గుండె అప్పుడే తోసిన రక్తం కాదు. తిరుమలలో సర్వదర్శనం క్యూ గుర్తు తెచ్చుకోండి. వెనకాల ఎవరో ఒక్క తోపు తోస్తే, ఆ తోపు క్షణంలో ముందున్న వాళ్ల దాకా వచ్చేస్తుంది. తోసినాయన మాత్రం వెనకే ఉంటాడు. నాడి కూడా అంతే. ఒత్తిడి అల రక్తనాళాల గోడల వెంట సెకనుకి కొన్ని మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. అసలు రక్తం తీరిగ్గా తర్వాత వస్తుంది. నాళాలు గట్టిపడిన కొద్దీ ఆ అల స్పీడ్ పెరుగుతుంది. "వాస్క్యులర్ ఏజ్" అని కొన్ని వాచ్‌లు చూపించే నంబర్‌కి మూలం ఇదే.

రోజుకి ఒకటిన్నర వాటర్ ట్యాంకర్

గుండె ఒక్క పంపు కాదు, ఒకే గోడ పంచుకుంటున్న రెండు పంపులు. కుడి వైపు కర్ణిక, జఠరిక ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతాయి. ఎడమ వైపు వాళ్లు ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తాన్ని ఒళ్లంతా పంపుతారు. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి కాబట్టి కుడి పంపుకి పెద్ద ప్రెషర్ అక్కర్లేదు. ఎడమ జఠరిక కాలి బొటనవేలి నుంచి మెదడు దాకా సప్లై చేయాలి, అందుకే దాని గోడ మందంగా ఉంటుంది. మనం చెప్పుకునే 120/80 బీపీ ఈ ఎడమ పంపుదే.

విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో కొట్టుకి సుమారు 70 మిల్లీలీటర్లు బయటికి వెళ్తుంది. ఇరానీ చాయ్ కప్పు కన్నా కాస్త తక్కువే అనుకోండి. 72 తో గుణించండి: నిమిషానికి 5 లీటర్లు. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కూడా దాదాపు 5 లీటర్లే. అంటే ప్రతి నిమిషం మొత్తం సరుకు ఒక రౌండ్ కొట్టి వస్తోంది. రోజుకి లెక్కేస్తే లక్ష పైన కొట్లు, 7,200 లీటర్లు. ఎండాకాలం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ ముందు ఆగే 5,000 లీటర్ల ట్యాంకర్ ఉంది చూడండి, అలాంటివి దాదాపు ఒకటిన్నర. పిడికిలంత మోటార్‌తో, ఒక్క సెలవు లేకుండా.

ఇదే గుణకారం ఒకప్పుడు పెద్ద గొడవ రేపింది. పద్నాలుగు వందల ఏళ్లు డాక్టర్లు గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పింది నమ్మారు: తిన్న తిండి నుంచి కాలేయం రక్తం తయారు చేస్తుంది, ఒళ్లు దాన్ని వాడేసుకుంటుంది, మళ్లీ కొత్తది తయారవుతుంది. 1628లో ఇంగ్లండ్ డాక్టర్ విలియం హార్వీ సింపుల్‌గా లెక్క వేశాడు. ఒక్కో కొట్టుకి చాలా తక్కువ రక్తం బయటికి వస్తుందని వేసుకున్నా, అరగంటలో గుండె పంపేది ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కన్నా ఎక్కువ తేలింది. అంత రక్తం తిండి నుంచి పుట్టే ఛాన్సే లేదు. కాబట్టి అదే రక్తం తిరిగి రావాల్సిందే. లెగసీ సిస్టమ్‌ని ఒక్క లెక్కతో పడగొట్టాడు. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా దాటుతుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆ సన్నటి కేశనాళికలను 1661లో ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీగీ మైక్రోస్కోప్ కింద కప్ప ఊపిరితిత్తుల్లో కనిపెట్టాడు.

మన గాడ్జెట్ భాషలో దీని అర్థం ఏంటంటే, హార్ట్ రేట్ అనేది సగం ఈక్వేషన్ మాత్రమే. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టిందో వాచ్‌కి తెలుసు, ఒక్కో కొట్టుకి ఎంత పంపిందో తెలీదు. బాగా ట్రైనింగ్ ఉన్న రన్నర్ గుండె ఒక్కో కొట్టుకి 100 మిల్లీలీటర్లు పంపగలదు, అందుకే 50 బీపీఎంతో అదే 5 లీటర్లు లాగించేస్తుంది. మే నెల ఎండలో నీళ్లు తాగకుండా తిరిగితే సీన్ రివర్స్. ఒంట్లో నీళ్లు తగ్గి ఒక్కో కొట్టుకి పంపేది తగ్గుతుంది, గుండె స్పీడ్ పెంచి కవర్ చేస్తుంది. మీరు సోఫాలో కూర్చునే ఉన్నా రీడింగ్ 95 చూపిస్తే వాచ్‌ని తిట్టే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగి చూడండి.

కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆర్డర్ అక్కర్లేదు. కుడి కర్ణిక పైభాగంలో ఒక చిన్న కణాల గుంపు ఉంది, టెన్త్ బుక్‌లో లయారంభకం అని చదివాం. అది తనంతట తాను కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ముందు కర్ణికల్లో పాకుతుంది, తర్వాత మధ్యలో ఒక జంక్షన్ దగ్గర సెకనులో పదో వంతు ఆగుతుంది. ఆ గ్యాప్‌లో కర్ణికలు తమ రక్తాన్ని జఠరికల్లోకి పూర్తిగా నింపేస్తాయి. ఆ తర్వాతే జఠరికలకి సిగ్నల్. కావాలని పెట్టిన డిలే అన్నమాట, రేస్ కండిషన్ రాకుండా.

దాన్ని అలాగే వదిలేస్తే నిమిషానికి వంద దాకా కొడుతుంది. వేగస్ నరం వచ్చి బ్రేక్ వేసి 60, 70కి దింపుతుంది. ఈ బ్రేక్ మన ఊపిరితో పాటు ఆడుతుంది. గాలి పీల్చేటప్పుడు కాస్త వదులై గుండె స్పీడ్ పెరుగుతుంది, వదిలేటప్పుడు పట్టేసి తగ్గుతుంది. వేలితో మణికట్టు నాడి పట్టుకుని నెమ్మదిగా పీల్చి వదలండి, తేడా మీకే తెలుస్తుంది. హెచ్ఆర్‌వీ పేరుతో వాచ్ కొలిచేదాంట్లో పెద్ద భాగం ఇదే. నిద్రలో మీరు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో చాలా వాచ్‌లు ఛాతీని చూడకుండానే, ఈ ఎగుడుదిగుళ్ల నుంచే లాగుతాయి. నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చిన ట్రిక్ ఇది. కానీ ఈ డేటా మీద కట్టే "స్ట్రెస్ స్కోర్" అంటే అంత నమ్మకం లేదు. రాత్రి యావరేజ్ వారాల తరబడి ఎటు పోతోందో చూడటం ఓకే. మధ్యాహ్నం మీటింగ్‌లో వచ్చిన ఒక్క రీడింగ్‌ని పట్టుకుని ఫీల్ అవ్వడం వేస్ట్.

ఇక ఈసీజీ. డచ్ శాస్త్రవేత్త విలియం ఐంథోవెన్ దీన్ని ప్రాక్టికల్‌గా చేసి చూపించి 1924లో నోబెల్ అందుకున్నాడు. ఆయన మెషిన్ గది నిండా ఉండేది. పేషెంట్ తన చేతులు, కాలు ఉప్పునీళ్ల తొట్టెల్లో పెట్టి కూర్చోవాలి, ఎలక్ట్రోడ్లు అవే మరి. ఇప్పుడు వాచ్ వెనకభాగం ఒక మణికట్టుకి తగులుతుంది, రెండో చేతి వేలు క్రౌన్ మీద పెడతారు, 30 సెకన్లలో ట్రేస్ రెడీ. ఐంథోవెన్ లీడ్ 1 అని పిలిచిన రెండు చేతుల మధ్య కొలత ఇదే. ఉప్పునీళ్లు పోయాయి, ఫిజిక్స్ మారలేదు.

ఇది దేనికి పనికొస్తుంది? ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పట్టుకోవడానికి. కర్ణికలు లయగా ముడుచుకోకుండా వణుకుతూ ఉండిపోతే రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. లయ తప్పడం అనేది టైమింగ్ సమస్య, టైమింగ్ కొలవడంలో వాచ్‌లు దిట్ట. 2019లో వచ్చిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొన్నారు. లయ తేడాగా ఉందని నోటిఫికేషన్ వచ్చింది 0.52 శాతం మందికే. ఆ తర్వాత ఛాతీకి ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి నిజంగానే ఏఫిబ్ దొరికింది. మిగతావాళ్లవన్నీ తప్పుడు అలర్ట్‌లని కాదు. ఇది వచ్చి పోతూ ఉండే సమస్య, ప్యాచ్ పెట్టుకున్న రోజుల్లో రాకపోయి ఉండొచ్చు. కాబట్టి వాచ్ ఈ అలర్ట్ ఇస్తే లైట్ తీసుకోకండి, ఆ పీడీఎఫ్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మూడూ గ్రీన్, అయినా హార్ట్ ఎటాక్

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఈ మధ్య తెలిసిన వాళ్ల దగ్గర్నుంచి వచ్చే మెసేజ్‌లలో ఒక టైపు నన్ను భయపెడుతోంది: "బ్రో, నాన్నకి ఛాతీలో పట్టేసినట్టు ఉందంట. నా వాచ్ పెట్టి చూశా. హార్ట్ రేట్ 78, ఆక్సిజన్ 98, ఈసీజీ నార్మల్. గ్యాసే అయ్యుంటుంది కదా?"

కాకపోవచ్చు. ఎందుకో చూడండి.

గుండె లోపల ఎప్పుడూ రక్తం నిండే ఉంటుంది, కానీ ఆ మందమైన కండరం తన గదుల్లోంచి పోయే రక్తాన్ని నేరుగా వాడుకోలేదు. వాటర్ ట్యాంకర్ డ్రైవర్ దాహానికి బాటిల్ విడిగా తెచ్చుకున్నట్టు, గుండెకి తన సొంత సప్లై లైన్లు వేరే ఉన్నాయి. వాటిని కరోనరీ ధమనులు అంటారు. బృహద్ధమని మొదట్లోనే పుట్టి గుండె పైన అల్లుకుంటాయి. గుండె పంపే 5 లీటర్లలో దాదాపు 5 శాతం, అంటే నిమిషానికి 250 మిల్లీలీటర్లు దానికే ఖర్చవుతుంది. తమాషా ఏంటంటే ఎడమ జఠరిక కండరం ముడుచుకున్నప్పుడు ఆ నాళాలు నొక్కుకుపోతాయి, కాబట్టి దానికి రక్తం ఎక్కువగా అందేది రెండు కొట్ల మధ్య రెస్ట్‌లోనే.

ఏళ్ల తరబడి గోడలో పేరుకున్న కొవ్వు పొర ఒకరోజు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి లైన్ మూసుకుపోతే హార్ట్ ఎటాక్. ఆ లైన్ కింద ఉన్న కండరం నిమిషాల్లో ఇబ్బంది పడటం మొదలై, గంటల్లో చచ్చిపోతుంది. కానీ మిగతా గుండె పని చేస్తూనే ఉంది! లయారంభకం కొడుతూనే ఉంది, కాబట్టి హార్ట్ రేట్ 78. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, కాబట్టి ఆక్సిజన్ 98. లయ తప్పలేదు, కాబట్టి వాచ్ ఈసీజీలో "సైనస్ రిథమ్". మూడు నంబర్లూ నిజమే చెప్తున్నాయి. అవి చెప్పే విషయం వేరు, మీరడిగిన ప్రశ్న వేరు.

హాస్పిటల్ ఈసీజీలో ఛాతీ మీద ఆరు, చేతులకీ కాళ్లకీ నాలుగు ఎలక్ట్రోడ్లు పెట్టి 12 యాంగిల్స్ నుంచి చూస్తారు. మీ వాచ్ ఒక్క యాంగిల్ నుంచి చూస్తుంది. ఇంటికి నాలుగు వైపులా సీసీ కెమెరాలు ఉంటే దొంగ ఎక్కడో ఒకచోట పడతాడు. గేటు దగ్గర ఒక్కటే ఉంటే పెరటి గోడ దూకిన వాడు కనపడడు. ఆ మాటకొస్తే 12 లీడ్‌ల ఈసీజీ కూడా మొదట్లో నార్మల్‌గా రావచ్చు, అందుకే డాక్టర్లు కాసేపాగి మళ్లీ తీస్తారు, కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ టెస్ట్ చేస్తారు. యాపిల్ ఈసీజీ యాప్ అయితే ఇది హార్ట్ ఎటాక్‌ను గుర్తించలేదని స్క్రీన్ మీదే రాస్తుంది. మనం టర్మ్స్ అండ్ కండిషన్స్ స్క్రోల్ చేసినట్టు దాన్నీ స్క్రోల్ చేసేస్తాం.

మన ఇళ్లలో ఛాతీలో ఏం జరిగినా మొదటి అనుమానం గ్యాస్ మీదే. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, తెల్లారాక చూద్దాం అంటారు. ఆ అలవాటుకి ఇప్పుడు వాచ్ నంబర్ తోడైంది. ఛాతీలో బరువుగా, నొక్కినట్టు ఉండటం, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకటం, చల్లటి చెమటలు, ఆయాసం: ఇవి ఉంటే వాచ్ తీసి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో, ఆడవాళ్లలో ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు కూడా, ఆయాసమో, అంతుచిక్కని నీరసమో మాత్రమే ఉంటుంది. పేషెంట్‌ను బైక్ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరకండి. దారిలో గుండె ఆగితే బైక్ మీద చేయగలిగింది ఏమీ ఉండదు.

ఊపిరి సంగతి: 98% అంటే దేంట్లో 98%?

మామూలుగా ఒక ఊపిరికి అర లీటర్ గాలి లోపలికి వెళ్తుంది. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఉండి తిరిగొచ్చేస్తుంది. మిగతాది వాయుగోణుల దాకా చేరుతుంది. కోట్ల సంఖ్యలో ఉన్న ఆ బుడగలను విప్పి పరిస్తే దాదాపు ఒక బ్యాడ్మింటన్ కోర్టు అంత. వాటికీ రక్తానికీ మధ్య గోడ ఒక మైక్రాన్ కన్నా సన్నం. ఒక ఎర్రరక్తకణం అక్కడ ఆగేది సెకను కన్నా తక్కువే. ఆ లోపే ఆక్సిజన్ ఎక్కడం, కార్బన్ డయాక్సైడ్ దిగడం అయిపోవాలి. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది.

ఇక్కడ ఒక సరదా టెస్ట్. ఎస్‌పీఓ2 ఆన్ చేసి, కుర్చీలో కూర్చుని 30 సెకన్లు ఊపిరి బిగబట్టండి. గాలి కావాలని లోపల గోల మొదలవుతుంది, స్క్రీన్ మీద మాత్రం 97, 98 కదలదు. వాచ్ చెడిపోలేదు. మనకి ఊపిరాడట్లేదనే ఫీలింగ్ తెప్పించేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అందుకే బావిలోనో స్విమ్మింగ్ పూల్‌లోనో ఎక్కువసేపు మునగాలని ముందు గబగబా ఊపిరి తీసి దూకడం ప్రమాదం. కార్బన్ డయాక్సైడ్ ముందే ఖాళీ అయిపోతుంది, అలారం మోగదు, ఆక్సిజన్ పడిపోయి నీళ్లలోనే స్పృహ పోతుంది.

ఇక ఆ సెన్సార్ పుట్టిన కథ ఇంజనీర్లు తప్పకుండా తెలుసుకోవాలి. 1970ల మొదట్లో జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీలో తకువో అయోయాగి అనే ఇంజనీర్ గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో సూది గుచ్చకుండా చెవి దగ్గర లైట్ పెట్టి కొలవాలని చూస్తున్నాడు. రక్తంలోకి ఒక రంగు ఎక్కించి, అది ఎలా పలచబడుతుందో చూడటం పద్ధతి. కానీ గ్రాఫ్ నున్నగా రావట్లేదు. ప్రతి కొట్టుకీ సిగ్నల్ ఎగిరి పడుతోంది. ఆ నాయిస్ తీసేయడానికి రెండు రకాల వెలుతురు వాడి ఒకదానితో ఒకటి క్యాన్సిల్ చేశాడు. పని చేసింది, కానీ ఆక్సిజన్ మారినప్పుడల్లా ఆ క్యాన్సిలేషన్ తప్పుతోంది. అప్పుడు వెలిగింది: నేను పారేయాలనుకుంటున్న నాయిస్‌లోనే ఆక్సిజన్ నంబర్ ఉంది! కొట్టుకునే భాగం ధమనిలో రక్తం మాత్రమే. చర్మం, ఎముక కొట్టుకోవు. కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లను మాత్రమే తీసుకుంటే మిగతా అడ్డంకులన్నీ వాటంతటవే పోతాయి. 1974లో ఆ పని జపాన్‌లో ప్రకటించారు. పల్స్ ఆక్సీమీటర్ అలా పుట్టింది. అయోయాగి 2020 ఏప్రిల్‌లో చనిపోయారు. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రపంచమంతా ఆయన డివైస్ కోసం మెడికల్ షాపుల ముందు వెతుక్కుంటోంది.

మన వాచ్ కూడా అదే చేస్తుంది. ఎరుపు లైట్ సుమారు 660 నానోమీటర్లు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ సుమారు 940. ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్ ఎరుపును తక్కువ పీల్చుకుంటుంది, దిగిపోయినది ఎక్కువ. ఇన్‌ఫ్రారెడ్‌లో ఉల్టా. రెండింటి నిష్పత్తి తీసి ఒక టేబుల్‌లో వెతికితే శాతం దొరుకుతుంది. ఆ టేబుల్ ఫార్ములా నుంచి రాలేదు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి ఇచ్చి, అదే టైమ్‌లో రక్తం తీసి కొలిచి రాసుకున్నది. ఎవరినీ 70 శాతం కన్నా కిందకు దింపడం సేఫ్ కాదు, కాబట్టి ఆ కింద చూపించేవన్నీ అంచనాలే. మంచి ఫింగర్ ఆక్సీమీటర్‌లోనే రెండు మూడు శాతం తేడా మామూలు. వేలికైతే లైట్ ఇటు నుంచి అటు దూరుతుంది. మణికట్టులో తిరిగి వచ్చే లైట్‌తోనే నెట్టుకురావాలి, సిగ్నల్ ఇంకా వీక్. చేయి చల్లగా ఉన్నా, స్ట్రాప్ లూజుగా ఉన్నా 89 కూడా చూపిస్తుంది. భయపడే ముందు చేతులు రుద్దుకుని, మణికట్టు ఎముకకి కాస్త పైన కట్టుకుని, చేయి బల్ల మీద పెట్టి కదలకుండా మళ్లీ చూడండి.

ఆ టేబుల్ ఎవరి చర్మం మీద తయారైందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా హాస్పిటళ్ల డేటాతో ఒక స్టడీ వచ్చింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా, రక్త పరీక్షలో అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్న కేసులు తెల్లవాళ్ల రీడింగ్‌లలో 3.6 శాతం అయితే నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం. చర్మంలోని మెలనిన్ కూడా లైట్‌ను పీల్చుకుంటుంది మరి. తెలుగు వాళ్లలో పాలమీగడ రంగు నుంచి కారునలుపు దాకా అన్ని ఛాయలూ ఉన్నాయి. సెన్సార్‌ను ఏ ఏ చర్మపు రంగుల మీద టెస్ట్ చేశారన్న లైన్ వాచ్ స్పెక్ షీట్‌లో కనిపించడం అరుదు. కెమెరా మెగాపిక్సెళ్లు అడిగినట్టే ఇదీ అడగాల్సిన ప్రశ్న.

నంబర్ కరెక్ట్‌గా ఉన్నా అది దేని గురించో మర్చిపోకూడదు. 98% అంటే ఉన్న ఆర్టీసీ బస్సుల్లో 98 శాతం సీట్లు నిండాయని. డిపోలో అసలు ఎన్ని బస్సులు ఉన్నాయో అది చెప్పదు. రక్తహీనత ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ అనే బస్సులే తక్కువ, అయినా ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అమ్మ అంటే ఎస్‌పీఓ2 చూపించి "బానే ఉంది కదమ్మా" అనకండి, రక్త పరీక్ష చేయించండి. ఇంకా ఘోరమైన కేసు కార్బన్ మోనాక్సైడ్. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్, మూసిన గదిలో జనరేటర్ లేదా బొగ్గుల కుంపటి. ఆ గ్యాస్ ఆక్సిజన్ సీట్లో కూర్చుంటుంది, లేవదు. రెండు రంగుల లైట్‌కి అది దాదాపు ఆక్సిజన్ లాగే కనపడుతుంది. మనిషి చనిపోతున్నా స్క్రీన్ మీద 98, 99 ఉండొచ్చు.

లేహ్ బైక్ ట్రిప్ ప్లాన్ చేసుకునే వాళ్లకి ఒక మాట. 3,500 మీటర్ల ఎత్తులో కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ప్రెషర్ సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. మొదటి రోజు 90 దగ్గర చూపించడం మామూలే. హిమోగ్లోబిన్ గ్రాఫ్ 90 దాకా చదునుగా ఉండి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు లాగా దిగుతుంది. 97 నుంచి 93కి, 88 నుంచి 84కి, రెండూ నాలుగు పాయింట్లే, కానీ రెండోసారి మీరు లోయ అంచున ఉన్నారు. తలనొప్పి, వాంతులు, తూలడం ఉంటే నంబర్ ఎంతున్నా కిందికి దిగండి.

బీపీ, షుగర్ ఫీచర్ల గురించి రెండు ముక్కలు

కఫ్ లేకుండా బీపీ చూపించే వాచ్‌లు ప్రెషర్‌ను కొలవవు, నాడి అల ఆకారం చూసి ఊహిస్తాయి. శాంసంగ్ అయితే ప్రతి 28 రోజులకి ఒకసారి మామూలు కఫ్ మెషిన్‌తో క్యాలిబ్రేట్ చేయమంటుంది. అంటే కఫ్ మెషిన్ ఎలాగూ కొనాల్సిందే. హువావే వాచ్ డీ స్ట్రాప్‌లోనే గాలి నిండే చిన్న కఫ్ పెట్టింది, అది నిజంగా కొలిచే పద్ధతి.

సూది లేకుండా షుగర్ చూపిస్తానని రెండు వేలకి అమ్ముతున్న వాచ్‌ల సంగతి ఇంకా సింపుల్. చర్మం గుచ్చకుండా సొంతంగా గ్లూకోజ్ కొలిచే ఏ స్మార్ట్‌వాచ్‌కీ, రింగ్‌కీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. చేతికి అతికించుకునే సీజీఎం సెన్సార్ల నంబర్‌ను వాచ్‌లో చూపించడం వేరే విషయం, అక్కడ చర్మం కింద సన్నటి తీగ నిజంగా ఉంటుంది. అది లేకుండానే షుగర్ రీడింగ్ ఇస్తానని బాక్స్ మీద రాసి ఉంటే దాన్ని కొనకండి. ఆ నంబర్ చూసి ఎవరైనా ఇన్సులిన్ డోసు మార్చుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఇంట్లో ఇప్పటికే అలాంటిది ఉంటే టైమ్ చూసుకోవడానికి, అడుగులు లెక్కపెట్టడానికి వాడుకోండి.